నీళ్ళు లేనప్పుడే చెరువుకు వెళ్ళండి

గాలం వేయడం నేర్చుకోవాలనుకుంటే ఏప్రిల్‌లో మొదలుపెట్టండి. అనంతపురం చుట్టుపక్కల ఆ నెలలో చాలా చెరువుల్లో నీళ్ళుండవు. ఉన్నా గొర్రెలు తాగడానికి సరిపోయేంతే. అందుకే అప్పుడు వెళ్ళమంటున్నాను. గాలం, దారం ఇంట్లో పెట్టి, ఒక నోటు పుస్తకం, పెన్సిలు, తలగుడ్డ తీసుకుని చెరువులోకి దిగి నడవండి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బతికే సీమ ఇది. నైరుతి మేఘం పడమటి కనుమల అవతలే చాలావరకు కురిసేస్తుంది, ఈశాన్యం తూర్పు తీరంలో ఖర్చయి మన దాకా వస్తుంది. నీళ్ళు నిండుగా ఉండే చోట గాలం వేసేవాళ్ళు అడుగు ఎలా ఉందో జన్మంతా ఊహించుకుంటూ కూర్చుంటారు. మన చెరువు ఎండినప్పుడల్లా తన అడుగును మనకు చూపిస్తుంది. ఆ సమయంలో ఇంట్లో కూర్చుని, వానలొచ్చాక కట్టమీదికి పరుగెత్తేవాళ్ళే ఎక్కువ.

ఏం చూడాలి? ముందు గుంతలు. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. మనవాళ్ళు దాన్ని ఇప్పటికీ కరువు పని అనే అంటారు. ఆ పనిలోనూ, 2015లో వచ్చిన నీరు-చెట్టు కార్యక్రమంలోనూ మన చెరువుల్లో పూడిక తీశారు. రైతులు ట్రాక్టర్లతో చేలకు తోలుకున్న మట్టి వేరే. వీటన్నిటివల్లా నడుం లోతు చెరువులో అక్కడక్కడా మనిషి లోతు గుంతలు పడ్డాయి. ఎండ ముదిరినప్పుడు చేప ఆ గుంతలోకి దిగుతుంది, మేతకు దాని గట్టుమీదికి వస్తుంది. కాబట్టి గాలం పడాల్సింది గుంత నడుమ కాదు, గట్టుమీద. ట్రాక్టరు దిగిన వాలు ఏ వైపుందో కూడా రాసుకోండి, చేప ఎక్కే దారి అదే.

తర్వాత మట్టి. లోతుగా నెర్రెలు విచ్చిన చోట ఒండ్రు మందంగా ఉందని అర్థం. అది గరుసు నేలతో కలిసే అంచున ఆలిచిప్పలు, నత్తగుల్లలు పడి ఉంటాయి. నేలకు మూతి ఆనించి మేసే చేపలకు ఆ అంచే వంటిల్లు. ఒడ్డుకు దగ్గరగా గుండ్రంగా, నున్నగా తవ్వినట్టున్న చిన్న పళ్ళాలు కనిపిస్తే అవి పిల్లలు ఆడుకున్న గుంటలు కావు, జిలేబి అని మనం పిలిచే తిలాపియా మగచేప తోకతో, మూతితో చేసుకున్న గూళ్ళు. 1952లో మన దేశానికి తెచ్చిన చేప అది. తల్లి గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది కాబట్టి ఎక్కడ పడినా నిలదొక్కుకుంటుంది. ఆ గూళ్ళున్న చోట బంగారుతీగ కోసం ఎర వేసి లాభం లేదు, జిలేబియే ముందు అందుకుంటుంది.

ప్రతి గుంతకూ రెండు గుర్తులు రాసుకోండి. తూముమీది రాయి, దాని వెనక ఏ చింతచెట్టు ఒక్క గీతలో కనిపిస్తున్నాయి? పక్కకు తిరిగితే ఏ కొండ, ఏ గుడి వరుసలో ఉన్నాయి? ఆ రెండు గీతలు కలిసే చోటే గుంత. నీళ్ళొచ్చాక కట్టమీద నిలబడి ఆ చోటు చెప్పగలగాలి. ఇందులో ఇంకో ప్రయోజనం ఉంది, చేప కంటే పెద్దది. ఈ గుంతల్లో మనుషులు మునిగి పోతారు, ముఖ్యంగా పిల్లలు. మీ కాగితంమీది గుర్తుల్ని ఊళ్ళో బడి పిల్లలకు చూపించండి. మీరు కూడా నిండిన చెరువులో కాలు పెట్టకండి, ఒడ్డునుంచే వేయండి.

ఇక నీళ్ళొచ్చాయి. 2021 నవంబరు లాంటి వానలు కురిస్తే ఎన్నో చెరువులు మరవ పారతాయి. తుంగభద్ర ఎగువ కాలువ కింద, హంద్రీ-నీవా కింద ఉన్న చెరువులకైతే వాన లేకపోయినా నీళ్ళు రావచ్చు. ఎక్కడ కూర్చోవాలి? గాలికి వీపు పెట్టి కూర్చోమని అందరూ చెబుతారు. దారం దూరం పోతుంది, కళ్ళలో దుమ్ము పడదు. మీరు ఎదురుగాలిలో కూర్చోండి. రామగిరి కొండలమీద గాలిమరలు పెట్టింది ఊరికే కాదు. మన పీఠభూమిలో జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి ఆగదు. లోతు తక్కువ చెరువులో అది పైనీటిని, అందులోని పురుగును, తుంపును తూర్పు ఒడ్డుకు తోస్తుంది. అక్కడ అలలు అడుగును కదిలించి నీళ్ళు బురదగా మారతాయి. తేట నీళ్ళకోసం పడమటి ఒడ్డున కూర్చున్నవాళ్ళ ముందు చేప ఉండదు, మీ కాళ్ళ ముందు ఉంటుంది. దారం దూరం విసరాల్సిన పనే లేదు.

ఎనుములు దిగాయని లేచిపోకండి, వాటిని అదిలించకండి. అవి పొర్లిన చోట ఒండ్రు లేచి, అందులోని ఎర్రటి సన్న పురుగులు బయటపడతాయి. ఎనుములు గట్టెక్కిన అరగంటకు మోసు, పరిగె అక్కడికి చేరతాయి. అడుగునుంచి చిన్న చిన్న బుడగలు వరసగా లేస్తుంటే మేత సాగుతోందని అర్థం. ఎనుములు కాసే అవ్వను మంచి చేసుకోండి. ఏ పూట ఏ రేవున దింపుతుందో ఆమెకే తెలుసు.

తెల్లవారుజామున పోకండి. ఇది విని నాతో గొడవకు వచ్చినవాళ్ళున్నారు, నా మాట మార్చుకోను. రాత్రంతా నాచు, పాచి, చేప, బురదలోని సూక్ష్మజీవులు అన్నీ నీళ్ళలోని ప్రాణవాయువును వాడుకుంటాయి, తయారుచేసేది ఏదీ ఉండదు. వేడి నీళ్ళలో అది ఇమిడేదే తక్కువ. కాబట్టి వేసవిలో లోతులేని చెరువులో పొద్దు పొడవడానికి ముందు ప్రాణవాయువు అడుగంటి ఉంటుంది. చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తుంటాయి. అది ఆకలి కాదు, ఉక్కిరిబిక్కిరి. పొద్దెక్కి నాచు తన పని మొదలుపెట్టాక, ఎనిమిది దాటాక వెళ్ళండి. సంగటి తిని నింపాదిగా వెళ్ళండి. మిగిలిన సంగటే ఎర.

సంగటి ముద్దలో కొంచెం చెనిక్కాయ చెక్క పొడి కలిపి, గాలానికి పట్టేలా బిగువుగా పిసకండి. వేలిగోరంత చాలు. వానపాము కూడా మంచిదే, కానీ దానికి జెల్ల పడుతుంది, దాని ముల్లు చేతికి గుచ్చుకుంటుంది. చల్లే మేత మాత్రం తగ్గించండి. ఇంగ్లండులో, పోలండులో ఇలాంటి లోతు తక్కువ నీళ్ళలోనే బ్రీమ్ అనే వెడల్పాటి చేపకు గాలం వేస్తారు. మన మోసుకు, పరిగెకు అది దూరపు చుట్టం. పెద్ద మందలుగా తిరుగుతుంది కాబట్టి అక్కడివాళ్ళు బకెట్లకొద్దీ మేత కుమ్మరిస్తారు. చల్లటి దేశంలో అది చెల్లుతుంది. మన ఎండకు తినగా మిగిలిన తవుడు, చెక్క అడుగున కుళ్ళి, ఉన్న కొద్దిపాటి ప్రాణవాయువునూ తినేస్తాయి. ఒక్క గుప్పెడు వేసి ఊరుకోండి.

ఆ దేశాలవాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది వేరే ఉంది, మొత్తం గాలం పనిలో నాకు ఎక్కువ ఇష్టమైంది అదే. బెండు మునిగినప్పుడు లాగాలని చిన్నప్పటినుంచీ మనకు చెప్పారు. నేలమేత చేపకు బెండు లేచినప్పుడు లాగాలి. చెప్తాను వినండి. జొన్నదంటు బెండు ముక్కగానీ, రాలిన నెమలి ఈక కాడగానీ కట్టండి. సీసం గుండు గాలానికి బెత్తెడు దూరంలోనే ఉండాలి, దారం పొడవు గుండు సరిగ్గా అడుగును ఆనేలా సరిచేయాలి. గుండు బరువుకు బెండు నిటారుగా, కొస మాత్రం బయటికి కనిపిస్తూ నిలుస్తుంది. బంగారుతీగో మోసో తల కిందికి, తోక పైకి పెట్టి ఎర తీసుకుని మళ్ళీ అడ్డంగా తిరిగేటప్పుడు గుండు కూడా నేలమీంచి లేస్తుంది. బరువు తగ్గిన బెండు పైకి వచ్చి, ఒక్కోసారి నీళ్ళమీద పక్కకు పడుకుంటుంది. అదే సమయం. మణికట్టుతో మెల్లగా ఎత్తండి. మునిగేదాకా ఆగితే, ముద్దలో గాలం ఉందని చేపకు తెలిసిపోతుంది, ఉమ్మేస్తుంది. బెండు గజగజ వణికి ఊరుకుంటే అది చిన్న పరిగెల కొరుకుడు, లాగకండి.

పడిన చేప ఎవరిది అన్నది గాలం వేయకముందే తేల్చుకోవాలి. బొచ్చె, రోహు, మోసు నిలవ నీళ్ళలో గుడ్లు పెట్టవు. 1957 జులై 10న ఒడిశాలో శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి మందు ఎక్కించి వాటిచేత గుడ్లు పెట్టించాకే పిల్ల దొరకడం సులువైంది. మన చెరువుల్లో ఉన్నవి చాలావరకు ఎవరో డబ్బు పెట్టి కొని వదిలినవి. కౌలు పాడుకున్న మత్స్యకారుల సంఘం ఉంటే ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళి అడగండి. వద్దంటే తిరిగి రండి. సరేనంటే పెద్ద బొచ్చె పడిన రోజు వాళ్ళకే ఇచ్చేయండి, మీకు పరిగెలు చాలు. తడి చేత్తో పట్టుకుని, సనతో ఉన్నదాన్ని నీళ్ళలోకి వదిలేయండి.

తెగిన నైలాను దారం ఒక్క మూర కూడా ఒడ్డున వదలకండి. చిలమత్తూరు దగ్గర వీరాపురంలో ఎర్రకాళ్ళ కొంగలు ఏటా చెట్లమీద గూళ్ళు కట్టి, చుట్టుపక్కల చెరువుల చేపలతోనే పిల్లల్ని పెంచుతాయి. కాళ్ళకు దారం చుట్టుకున్న కొంగ గూటికి చేరదు.

రెండు సందర్భాల్లో గాలం ముట్టుకోకండి, చేప అత్యంత సులువుగా దొరికేది ఆ రెండుసార్లే అయినా. ఒకటి, కొత్త నీరు వంకలో దిగగానే పరిగెలు గుంపులుగా ఎదురెక్కే రోజు. అవి గుడ్లు పెట్టడానికి పోతున్నాయి. రెండోది, మార్చి, ఏప్రిల్‌లలో చెరువు కుంచించుకుపోయి తూము దగ్గర ఒక్క మడుగు మిగిలినప్పుడు. గాలి పీల్చే కొర్రమీను తడి బురదలో కొన్నాళ్ళు ప్రాణం నిలుపుకుంటుంది, పరిగెకు ఆ శక్తి లేదు. ముందస్తు వాన పడితే ఆ మడుగులో మిగిలిన పిడికెడు చేపే చెరువుకు విత్తనం. ఎవరైనా మోటారు దించి దాన్ని తోడేయబోతే సంఘం పెద్దకు, పంచాయతీకి వెంటనే చెప్పండి.