పొదుపు బాబాయి

డబ్బు దాచుకునేవాళ్ళు ఏ ఇంట్లోనైనా ఉంటారు. మా పొదుపు బాబాయి దాచుకునేది ఓపిక. ఏళ్ళ తరబడి బ్యాంకులో పనిచేసి చేసి, ఒళ్ళు కూడా ఆయన కంటికి ఒక సేవింగ్స్ ఖాతాలాగే కనిపిస్తుంది. పొద్దున నిద్రలేస్తే ఇంత జమ. స్నానానికి ఇంత, స్కూటరు స్టాండు తీయడానికి ఇంత ఖర్చు. రాత్రి పడుకునే వేళకు ఎంతో కొంత మిగలాలి. మిగల్లేదా, ఆ రోజు దండగ.

ఇలాంటి మనిషి మీ ఇంట్లో లేకపోతే పక్కింట్లో ఉంటాడు. పేపరు చేతిలోంచి జారితే వెంటనే వంగడు. ఇంకేదైనా పడేదాకా ఆగి, రెండూ కలిపి ఒకే వంగుడుకు తీస్తాడు. ఫ్యాను స్విచ్చు కింద కుర్చీలో కూర్చుని, ఫ్యాను వేయమని వంటింట్లోంచి పిన్నిని పిలుస్తాడు. ఇదేం న్యాయమండీ అంటే, “నువ్వెలాగూ నిలబడే ఉన్నావుగా, లేచే ఖర్చు లేదు” అంటాడు. పెళ్ళికెళ్తే మొదటి బంతిలో కూర్చుంటాడు. ఆకలి కాదు, కుర్చీ వెనక నిలబడి కాచుకోవడం వృథా ఖర్చట. గృహప్రవేశానికి పిలిచినవాళ్ళు మేడ మీద గదులు చూడమంటే, “వాట్సాప్‌లో పెట్టండి, తీరిగ్గా చూస్తా” అని సోఫాలోంచే దీవిస్తాడు.

కొడుకు డాలస్ నుంచి గార్మిన్ వాచీ పంపిన దగ్గర్నుంచి ఈ పొదుపుకు లెక్కాపత్రం కూడా వచ్చింది. ఆ వాచీ గుండె కొట్టుకునే తీరునీ, నిద్రనీ, కదలికనీ పట్టుకుని ఒంట్లో ఓపిక ఎంతుందో వందకు ఇంతని అంకె వేసి చూపిస్తుంది. కంపెనీవాళ్ళు దానికి ‘బాడీ బ్యాటరీ’ అని పేరు పెట్టారు. బాబాయి మాత్రం ‘బ్యాలెన్సు’ అంటాడు.

“ఏవండీ, సందు చివర కరివేపాకు తెచ్చిపెడతారా?”

బాబాయి మణికట్టు తిప్పి చూస్తాడు. “41 ఉందే. ఇప్పుడు కదిలితే సాయంత్రానికి మినిమం బ్యాలెన్సు ఉండదు.”

ఆ పూట పులుసు కరివేపాకు లేకుండానే పొయ్యి దిగుతుంది. అందులో కరివేపాకు లేదని మొదట కనిపెట్టేది కూడా బాబాయే.

ఆయనది వట్టి బద్ధకం అనుకుంటే పొరపాటు. వెనకాల బోలెడు శాస్త్రం ఉంది. మెదడు బరువు ఒంటి బరువులో రెండు శాతమేనట. కానీ ఊరికే కూర్చున్నప్పుడు ఒళ్ళు ఖర్చుచేసే శక్తిలో ఐదో వంతు దానికే పోతుందట. ఇది నిజమే. అందుకని ఆదివారం కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, “పని చేస్తున్నా, పిలవకండి” అంటాడు. ఆలోచించినా ఆలోచించకపోయినా మెదడు ఖర్చు దాదాపు అంతేననీ, కష్టమైన లెక్క చేసినా పెద్దగా పెరగదనీ అదే శాస్త్రం చెప్తుంది. బాబాయి ఆ పేజీ దాకా వెళ్ళలేదు. వెళ్తే ఓపిక ఖర్చు.

నిర్ణయాలు తీసుకుంటే మనిషి అలిసిపోతాడని ఆయన గట్టి నమ్మకం. దానికి సాక్షి ఒబామా. బట్టలూ తిండీ దగ్గర కూడా నిర్ణయాలు పెట్టుకోదలచుకోలేదనీ, అందుకే బూడిద రంగు సూటో నీలం సూటో తప్ప వేసుకోననీ ఒబామా 2012లో ఒక పత్రికకు చెప్పాడు. అది చదివిన రోజు నుంచీ, ఉప్మానా దోశా అని పిన్ని అడిగితే “నీ ఇష్టం” అంటాడు బాబాయి. ఉప్మా వస్తే “దోశ వేయాల్సింది” అంటాడు. అది నిర్ణయం కాదట, అభిప్రాయమట. అభిప్రాయాలకు ఖర్చు లేదు.

ఇక ముల్లంగి సంగతి. 1998లో బామైస్టర్ అనే అమెరికా సైకాలజిస్టు, ఆయన తోటివాళ్ళు ఒక ప్రయోగం అచ్చేశారు. ఆకలి మీదున్న విద్యార్థుల ముందు వేడివేడి చాక్లెట్ బిస్కెట్లూ ముల్లంగి దుంపలూ పెట్టి, కొందరిని బిస్కెట్లు తినమన్నారు, కొందరిని ముల్లంగి మాత్రమే తినమన్నారు. తర్వాత అందరికీ అసలు తెగని పజిల్ ఇచ్చారు. బిస్కెట్లు తిన్నవాళ్ళు దాదాపు 19 నిమిషాలు దానితో కుస్తీపడ్డారు. నోరు కట్టుకుని ముల్లంగి నమిలినవాళ్ళు ఎనిమిది నిమిషాలకే చేతులెత్తేశారు. కోరికను అణచుకుంటే మనోబలం ఖర్చవుతుందని వాళ్ళు తేల్చారు. మా విజయవాడలో సాయంత్రమైతే ఏ సెంటర్లో చూసినా పునుగుల బండే. ఆ వాసనకు లొంగకపోతే మర్నాడు క్యాష్ కౌంటర్లో ఎనిమిది నిమిషాలకే చేతులెత్తేస్తానని బాబాయి భయం. అందుకని ఉద్యోగధర్మంగా రోజూ ఒక ప్లేటు తింటాడు. ఇంట్లో ముల్లంగి సాంబారు బంద్.

ఎమ్మే సైకాలజీ చదువుతున్న మా చెల్లి ఒకరోజు అడ్డుపడింది. “నాన్నా, 2016లో 23 ల్యాబుల వాళ్ళు రెండు వేల మందికి పైగా మనుషుల మీద ఆ సిద్ధాంతాన్ని మళ్ళీ పరీక్షించారు. దాదాపు ఏమీ తేలలేదు.”

“ఎలా తేలుతుందే?” అన్నాడు బాబాయి. “వాళ్ళకి పునుగులు పెట్టుండరు.”

ఇంత పొదుపరికీ లెక్కలేని ఖర్చు ఒకటుంది. ఐపీఎల్ ఆఖరి ఓవర్ అర్ధరాత్రయినా రెప్ప వాల్చడు. ఎన్నికలొస్తే పై ఫ్లాట్ మాస్టారితో గంటన్నర నిలబడి, గొంతు చించుకుని వాదిస్తాడు. అప్పుడు బ్యాలెన్సు ఎంతుందని అడిగాను. “అది సేవింగ్స్ కాదురా, కరెంట్ అకౌంటు. రోజుకు ఎన్నిసార్లు తీసినా అడిగేవాడుండడు” అన్నాడు.

ఈ వేసవిలో లిఫ్టు ఆగిపోయి, మూడో అంతస్తుకు ఎక్కే దారిలో రెండుచోట్ల కూర్చోవాల్సి వచ్చింది ఆయనకు. పిన్ని పట్టుబట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. వాడని కండ కరిగిపోతుంది తప్ప నిలవుండదనీ, వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవమని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తోందనీ డాక్టరు మెత్తగా చెప్పాడు. బాబాయి అక్కడే ఏడుతో భాగించి, రోజుకు 21 నిమిషాల 26 సెకన్లని తేల్చి, ఆ 26 సెకన్లు తగ్గించే వీలుందా అని అడిగాడు.

మొదటివారం నడక పార్కు గేటు నుంచి మొదటి బెంచీ దాకా సాగింది. ఆ పైన మాస్టారు తగులుకున్నాడు. ఆ మాస్టారికొక చెడ్డ అలవాటుంది, నడుస్తూ తప్ప వాదించడు. మాట మధ్యలో బెంచీ దగ్గర ఆగితే ఆఖరి మాట ఆయనదే అవుతుంది. అది బాబాయి ప్రాణాలు పోయినా ఒప్పుకోడు. అలా రాష్ట్ర రాజకీయాలతో ఒక రౌండు, కేంద్రంతో రెండు, క్రికెట్ బోర్డు మీద ఇంకొకటి. ఖర్చంతా కరెంట్ అకౌంట్లో పడుతోంది కాబట్టి ఆయన పట్టించుకోలేదు.

రెండు నెలలు పోయాక లిఫ్టు మళ్ళీ మొరాయించింది. బాబాయి మూడంతస్తులూ ఎక్కడా ఆగకుండా ఎక్కేసి, మేము రొప్పుతూ వచ్చేసరికి గుమ్మంలో నిలబడి నవ్వుతున్నాడు.

“చూశావట్రా! ఇన్నేళ్ళు దాచింది ఊరికే పోయిందా? వడ్డీతో సహా వచ్చింది.”

పిన్ని గుమ్మం పక్కనున్న గ్యాసు బండ వైపు చూపించింది. “అయితే ఆ వడ్డీలోంచి కొంచెం తీసి, దీన్ని వంటింట్లో పెట్టండి.”

“అది ఫిక్స్‌డ్ డిపాజిట్టే,” అంటూ బాబాయి కుర్చీలో కూర్చున్నాడు. “మధ్యలో తీస్తే నష్టం.”