నిలుపుదల సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం: “గౌరవనీయ కస్టమర్, మీ మోడల్ నిలిపివేయబడినది. విడిభాగములు లభ్యము కావు. మా నూతన శ్రేణిని పరిశీలింపగలరు.”

అవతారిక: భివండి పద్మనగర్‌లో స్థిరపడిన కరీంనగర్ పద్మశాలి ఒకరికి మాన్కోలి నాకా దగ్గర కార్ఖానా కలదు. అందు సాంచెల (మరమగ్గముల) మీది దూదిదుమ్ము ఊదు పాత పిస్టన్ కంప్రెసర్‌కు ఒకనాడు ప్రెషర్ ఎక్కదాయెను. మిస్త్రీ హెడ్ విప్పగా వాల్వ్ ప్లేటు మీది రీడు విరిగియుండెను. ఎంతో పెద్ద కంపెనీ ఒకదానికి విన్నవింపగా పై సూత్రము అవతరించెను. చదివి ఆయన, “పార్టు అడిగితే పద్యం పంపిండ్రు” అనెను.

ప్రతిపదార్థం: సుగమము. వదిలివేయుచున్నాము.

విశేషం: దేహమందు వాయువు ఒక్కటే, పనిని బట్టి అయిదని పెద్దలు. కంప్రెసర్‌లోనూ అంతే. ఫిల్టరు గుండా లోనికి వచ్చునది ప్రాణము. ట్యాంకులో కుదురుగా నిలుచునది సమానము. గొట్టాలన్నిట తిరుగునది వ్యానము. సేఫ్టీ వాల్వు నుండి పైకి తన్నునది ఉదానము. అడుగున డ్రెయిన్ కాక్ నుండి నీటితో దిగునది అపానము. దీనిని రోజూ విడువనిచో ట్యాంకు అడుగు లోపలినుండి తుప్పు తినును. కొంకణపు వానాకాలమందు మరీను. ఉపవాయువులూ కలవు. మోటారు ఆగగానే అన్‌లోడర్ ‘ఫుస్’మని త్రేన్చునది నాగము. చచ్చినా దేహము విడువదని చెప్పబడు ధనంజయము, కరెంటు తీసినా ట్యాంకులో మిగులు గాలియే. దానిని పూర్తిగా వదిలి, గేజి సున్నా చూపిన పిదపనే హెడ్ బోల్టుపై స్పానర్ మోపవలెను. ఈ శాస్త్రము ఎరుగక ముఖము పగులగొట్టుకున్నవారు ఉత్తమ శ్రోతలు కారు.

మెదకు సీమ కొలిచెలమ వారైన వ్యాఖ్యాత మల్లినాథసూరి, మూలములో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ప్రతిన పట్టెను. కంపెనీవారు ఆయనను మించిరి. అక్కర ఉన్నదీ చెప్పలేదు.

గ్రంథపాత పూరణం: విరిగిన భాగము గ్రంథపాతము, మిస్త్రీ పరిష్కర్త. ప్యాకింగ్ షీటును హెడ్ మీద పరచి, అంచులు తట్టి కోసిన గాస్కెట్టు నిర్దుష్ట పాఠము. గాజుపలకపై ఎమరీ పేపరు పరచి వాల్వ్ ప్లేటును చదును చేయుట సంప్రదాయసిద్ధము. బోరు కొలిచి, భంగార్‌లోని వేరొక యంత్రపు రింగులు తొడుగుట ప్రత్యంతర పాఠము. కొలత కుదిరిన గ్రాహ్యము. స్ప్రింగు స్టీలు ముక్కతో చేసిన రీడు సందిగ్ధ పాఠము. మందము తప్పినచో మరల విరిగి, ముక్క సిలిండర్‌లో పడి పిస్టన్‌ను గీరును. సేఫ్టీ వాల్వు స్థానమున ప్లగ్ బిగించుట, తుప్పు ట్యాంకుకు వెల్డింగ్ అతుకు వేయుట ప్రక్షిప్తములు, ప్రాణాంతకములు. ట్యాంకును నీరు నింపి పరీక్షింపవలెను. నీరు గాలివలె నొక్కుకొనదు గనుక, పగిలినా బాంబువలె పేలదు.

పూర్వపక్షం: మరమ్మతు హక్కు వచ్చినది గదా?

సమాధానం: 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల శాఖ వేసిన కమిటీ మొదట ఎంచుకున్నవి వ్యవసాయ పరికరాలు, మొబైళ్ళు–టాబ్లెట్లు, గృహోపకరణాలు, వాహనాలు. కార్ఖానా యంత్రం అందులో లేదు. 2019 వినియోగదారుల చట్టంలోనూ వ్యాపారానికి కొన్నవాడు వినియోగదారుడు కాడు. స్వయం ఉపాధితో బతకడానికి కొన్నవాడికే మినహాయింపు. నాలుగు సాంచెలు తానే నడుపుకునేవాడు ఆ మినహాయింపు కోసం వాదించవచ్చు. ఎప్పుడు వాదిస్తాడు? సాంచె ఆపి కోర్టుకు పోతే ఆ రోజు కూలి ఎవరిస్తారు?

తాత్పర్యం: భివండిలో నాసిక్ హైవే పొడవునా గోదాములే. దేశంలో ఎవరేమి కోరినా ఇక్కడినుంచి బయలుదేరుతుంది. ఆ గోదాముల పక్కనే ఉన్న గాలియంత్రానికి అరచేతిలో పట్టే రేకుముక్క దొరకదు. ఒక్క రీడు కోసం మొత్తం యంత్రాన్ని భంగార్‌కు తూకం వేయమనడమే మూలంలోని మూడు వాక్యాల సారాంశం.

కంపెనీవారికి మనవి: భాగాలు చేయడం మానుకోండి, అది మీ ఇష్టం. రీడు మందం, బోరు, రింగు వెడల్పు, బోల్టు ఎంత బిగించాలో ఒక్క కాగితం మీద గీసి అందరికీ ఇవ్వండి. మిగతాది మా మిస్త్రీ చూసుకుంటాడు.