అంజూరకు దుప్పటి

ఆదోనిలో చలి మొదలైంది. అంటే పొద్దున ఐదింటికి టీ బంకు దగ్గర మఫ్లర్లు తలకెక్కాయి, తొమ్మిదికల్లా భుజాల మీదికి దిగాయి. తెల్లవారుజామున 15 డిగ్రీలకు దిగితే మనకు మహా చలి. మధ్యాహ్నానికి మళ్లీ 30. ఈ మంచుఖండంలో అంజూర చెట్టు బతికేదెట్లా అని మా మిద్దెతోట మేధావులకు నిద్ర పట్టడం లేదు.

ఎమ్మిగనూరులో ఒక మిద్దె మీద చూశాను. ఇటుకలు పేర్చి, ఎర్రమన్నూ పేడ ఎరువూ పోసిన ఎత్తుమడి. అందులో నడుమెత్తు అంజూర. దానికి ఆన్‌లైన్‌లో తెప్పించిన తెల్లబట్ట, దాని మీద ప్లాస్టిక్ కవరు, సుతిలితాడు బిగింపు. అన్నిటికీ పైన బోర్లించిన బక్కెట్టు. బక్కెట్టెందుకు సార్ అంటే, వీడియోలో ఉందన్నారు.

ఆ బక్కెట్టుకు చరిత్ర ఉంది. ఇటలీ నుంచి న్యూయార్క్ వలసపోయినవాళ్లు బ్రూక్లిన్ పెరళ్లలో అంజూర నాటుకున్నారు. అక్కడి చలికి కొమ్మలు చచ్చిపోతాయి గనుక గోనెపట్టాలు, తారు కాగితం చుట్టి, వాన దిగకుండా నెత్తిన బక్కెట్టు పెట్టేవారు. ఎత్తుమడి మట్టి పక్కల నుంచి కూడా గడ్డకడుతుంది కాబట్టి అక్కడ వేళ్లకూ కాపు కావాలి. వాళ్ల బాధ నిజం. ఆకు రాల్చిన ముదురు అంజూర సున్నాకు దిగువన ఏడెనిమిది డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. అంత చలి మనకు రావాలంటే ముందు హిమాలయాలు ఆదోని రణమండల కొండ పక్కకు జరగాలి.

ఇక్కడ చుట్టిన బట్ట లోపల జరిగేది వేరు. పగలు ఉక్క, రాత్రి చెమ్మ, గాలి ఆడదు. తుప్పు తెగులుకు ఇంతకంటే మర్యాద ఎవరు చేస్తారు? ఆకు వెనక తడిమితే వేలికి తుప్పురంగు పొడి అంటుతుంది. అది చూసి ‘చలి దెబ్బే’ అని ఇంకో పొర చుడతారు. పక్కనే బళ్లారి జిల్లాలో అంజూర తోటలున్నాయి. ఏ రైతూ చెట్టుకు స్వెట్టర్ తొడిగినట్టు వినలేదు.

మాచాని సోమప్ప 1938లో నేత సొసైటీ పెట్టిన ఎమ్మిగనూరుకు దుప్పట్లు కొత్తా? కప్పాలన్న సరదా అంతగా ఉంటే కోసిగి, మంత్రాలయం వైపు నుంచి గుంటూరు మిరపకోతకు పోయి, చేలగట్ల మీద పట్టాల కింద పడుకునేవాళ్లున్నారు. వాళ్లకు ఆకు రాల్చి నిద్రపోయే వసతి లేదు.

అంజూరకు ఇక్కడ అసలు గండం ఏప్రిల్, మే. మిద్దె మీద ఇటుక మడి పెనంలా కాగుతుంది. కుళాయి ఎప్పుడొస్తుందో కుళాయికే తెలియదు. అప్పుడు చెట్టు మొదట్లో వేరుశనగ పొట్టు పరిచి, పైన నీడ కట్టాలి. కానీ వీడియో ఆయన ఊళ్లో అప్పుడే వసంతం వస్తుంది. చుట్టినవన్నీ విప్పి, చెట్టుకు బాగా ఎండ తగలనివ్వమంటాడు.