పిడికిలి విప్పే పని

నన్ను ఆర్థోసిస్ అంటారు. పక్షవాతంతో పడిపోయిన చేతికి తొడిగే యంత్రాన్ని. ముడుచుకుపోయిన వేళ్లను విప్పడం, మళ్లీ మూయడం నా పని. నా ఊరు జర్మనీలోని ట్యూబింగెన్. అక్కడి విశ్వవిద్యాలయంలో నీల్స్ బిర్బౌమర్, ఆండెర్ రామోస్ ముర్గియాల్డాయ్ బృందం 32 మంది రోగులతో చేసిన పరీక్షలో నేనూ ఒక పనిముట్టును.

నా దగ్గరికి వచ్చిన చేతులు అంతకుముందు ఏం పని చేసేవో నాకు తెలియదు. తెలిసిందల్లా వాటి బిగువు. స్ట్రోక్ తర్వాత చాలామందిలో ముడిచే కండరాలదే పైచేయి అవుతుంది. మోచెయ్యి ఒంటికి ముడుచుకుంటుంది, మణికట్టు కిందికి వాలుతుంది, వేళ్లు అరచేతిలోకి దిగబడతాయి. అలాంటి చేతికి గ్లాసు పట్టుకోవడం కన్నా పట్టుకున్నది వదలడమే కష్టం. నిజానికి ఆ వేళ్లకు, ఆ కండరాలకు ఏ దెబ్బా తగల్లేదు. మెదడులో ఎక్కడో ఒక రక్తనాళం మూసుకుపోయింది, లేదా చిట్లింది. ఎడమవైపు అయితే కుడి చెయ్యి, కుడివైపు అయితే ఎడమ చెయ్యి ఆజ్ఞ అందక ఉండిపోయింది.

ఈ 32 మందీ స్ట్రోక్ వచ్చి నెలలు, ఏళ్లు గడిచినవాళ్లు. మెరుగు ఎక్కువగా వచ్చేది మొదటి కొన్ని నెలల్లోనే, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. ‘ఇంక ఇంతే’ అన్న మాట వీళ్లు వినే ఉంటారు. బాగున్న చేతిని కట్టేసి, పడిపోయిన చేతితోనే పనులు చేయించే వైద్యం ఒకటుంది. ఎడ్వర్డ్ టాబ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త పరిశోధనల నుంచి వచ్చింది, ఫలితమిచ్చేదే. కానీ దానికి వేళ్లలో ఎంతో కొంత కదలిక మిగిలి ఉండాలి. వీళ్లకు వేళ్లు విప్పే కదలిక బొత్తిగా లేదు. ఏమాత్రం కదలని చేతితో సాధన మొదలుపెట్టడం ఎలా? నన్ను తయారు చేసింది ఆ ప్రశ్న కోసమే.

నేను ఒంటరిగా పనిచెయ్యను. రోగి తలకు ఎలక్ట్రోడ్లున్న టోపీ పెడతారు, జెల్ పూస్తారు. 1924లో ఇదే జర్మనీలో, యేనా పట్టణంలో, హాన్స్ బెర్గర్ మొదటిసారి మనిషి తల మీంచి మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేశాడు. ఆ టోపీ వినేదీ వాటినే. చెయ్యి ఊరికే ఉన్నప్పుడు దానికి సంబంధించిన మెదడు భాగంలోని కణాలు భజనలో అందరూ కలిసి తాళం వేసినట్టు ఒకే లయలో ఉంటాయి, సెకనుకు 8 నుంచి 13 సార్లు. ‘వేళ్లు విప్పాలి’ అని మనిషి తలచగానే ఆ తాళం సడలిపోతుంది. చెయ్యి కదలకపోయినా సరే, సంకల్పం పుడితే చాలు. గొప్ప సంగతి అది. పడిపోయిన చెయ్యి వెనకాల ఇంకా ఒక మనసు ఆ చేతిని పిలుస్తూనే ఉందనడానికి నాకు తెలిసిన సాక్ష్యం అదొక్కటే. కాకపోతే ఆ పిలుపు మైక్రోవోల్టుల్లో ఉంటుంది. రెప్ప కొట్టినా, పళ్లు బిగించినా అందులో మునిగిపోతుంది. కంప్యూటర్ ఓపిగ్గా దాన్ని ఏరి పట్టుకుని నాకు ఆజ్ఞ పంపుతుంది. నేను వేళ్లు విప్పుతాను. చర్మం, కీళ్లు ఆ కబురును తిరిగి మెదడుకు చేరవేస్తాయి. కోరిన క్షణంలోనే జరిగింది కాబట్టి కోరికకూ కదలికకూ మధ్య తెగిపోయిన దారి మళ్లీ అతుక్కునే అవకాశం ఉంటుంది. కలిసి స్పందించే నాడీకణాల మధ్య బంధం బలపడుతుందని డోనాల్డ్ హెబ్ 1949లోనే ప్రతిపాదించాడు.

ఆ పరీక్షలో నాకు బాగా పట్టింది మరొకటుంది. 32 మందిలో 16 మందికి నేను వాళ్ల మెదడు చెప్పినప్పుడు కదిలాను. మిగతా 16 మందికి వాళ్ల తలపుతో నిమిత్తం లేకుండా, యాదృచ్ఛికంగా కదిలాను. ఎవరు ఏ జట్టులో ఉన్నారో రోగులకు తెలియదు. నాకూ తెలియదు, ఆజ్ఞ వచ్చేది కంప్యూటర్ నుంచే, అది ఎక్కడ పుట్టిందో నాకు కనిపించదు. రెండు జట్లవాళ్ల వేళ్లనూ ఒకే జాగ్రత్తతో విప్పాను. ఆ వెంటనే రెండు జట్లకూ ఒకే రకమైన ఫిజియోథెరపీ జరిగింది. వారాల తరబడి ఇలాగే.

2013లో ఫలితం వెలువడింది. స్ట్రోక్ తర్వాత కదలికను కొలిచే ఫ్యూగల్-మేయర్ కొలమానంలో చేతి, భుజం భాగాలు కలిపి లెక్కిస్తే మొదటి జట్టుకు సగటున 3.4 పాయింట్లు పెరిగాయి. రెండో జట్టులో చెప్పుకోదగ్గ మార్పు లేదు. మొదటి జట్టులో స్కానింగులో మెదడు చురుకుదనం ఎంతగా మారితే, పడిపోయిన కండరాల్లో విద్యుత్ జాడ ఎంతగా పెరిగితే, చేతిలోనూ మెరుగు అంతగా ఉంది. 3.4 పాయింట్లతో చొక్కా గుండీలు పెట్టుకోలేరు, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ ఏ స్పందనా లేని కండరంలో కాస్తయినా స్పందన రావడం ఫిజియోథెరపిస్టుకు పట్టు దొరకడమే. ఆ మెరుగు ఆరు నెలల తర్వాత కూడా నిలిచే ఉందని 2019లో మరో వ్యాసం వచ్చింది.

ఆ రెండో జట్టు మీద నాకు బెంగ ఉంది. వాళ్లూ అంతే ఆశతో, అంతే ఏకాగ్రతతో కూర్చున్నారు. వాళ్లు లేకపోతే అసలు మందు నా మోటారులో ఉందో, కోరికా కదలికా ఒకే క్షణంలో కలవడంలో ఉందో ఎవరికీ తెలిసేది కాదు. ఈ వైద్యం ముందుకెళ్లినంత కాలం వాళ్లకు రుణపడి ఉంటుంది.

నా తర్వాత బంధువులు చాలామంది పుట్టారు. 2018లో స్విట్జర్లాండ్‌లోని ఒక బృందం నాలాంటి తొడుగు బదులు, సంకల్పం కనిపించిన క్షణంలో రోగి కండరానికే చిన్న విద్యుత్ ప్రేరణ ఇచ్చి మణికట్టును, వేళ్లను ఎత్తించింది. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో రూపుదిద్దుకున్న ఇప్సీహ్యాండ్ అనే తొడుగుకు 2021 ఏప్రిల్‌లో ఆ దేశపు ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి దొరికింది. అది దెబ్బ తిన్న సగాన్ని వదిలి, మెదడులో బాగున్న సగం నుంచే సంకేతం తీసుకుంటుంది. ఇంట్లో కూర్చుని వాడుకోవచ్చు.

ఇండియాలోని ఐఐటీ కాన్పూర్‌లో ఆశిష్ దత్తా బృందం, ఉత్తర ఐర్లాండ్‌లోని ఉల్స్టర్ విశ్వవిద్యాలయంలో గిరిజేశ్ ప్రసాద్ బృందం కలిసి చేసిన చేతి తొడుగు నాకు దగ్గర చుట్టం. దాన్ని కొద్దిమంది రోగులతో పరీక్షించారు. అది జిల్లా ఆసుపత్రి ఫిజియోథెరపీ గది దాకా రావాలని నా కోరిక. అక్కడ వేచి ఉండేవాళ్ల వరుస పొడుగ్గా ఉంటుంది. టోపీ పెట్టి, జెల్ పూసి, సంకేతం సరిచూసి, తొడుగు బిగించేసరికే బోలెడు సమయం పడుతుంది. ఆ సమయాన్ని తగ్గించడం, ధరను తగ్గించడం ఇప్పుడు ఇంజనీర్ల ముందున్న పని.