ఒడలి పేరు వేరు: ఒక తలుపు పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

మా ఆఫీసు సర్వర్ రూము తలుపుకి లోపలివైపు, ఏసీ రిమోటు తగిలించే మేకుకి జానెడు కింద, నీలం మార్కరుతో రాసిన ఆటవెలది ఒకటుంది. కవి పేరు లేదు. కాలనిర్ణయానికి ఆధారం ఒక్కటే: థిన్ క్లయింట్లనే చిన్న డబ్బాల మొదటి లోడు దిగాక, తలుపుకి రెండోసారి రంగు వేయకముందు పుట్టిన పద్యం. రంగు వేసినవాడు అక్షరాల చుట్టూ బెత్తెడు జాగా వదిలి వేశాడు. రసికుడన్నమాట.

మొన్న సోమవారం హెడ్డాఫీసు నుంచి మెయిలు వచ్చింది. అన్ని టెర్మినళ్ల మోడలు, హార్డ్‌వేర్ రివిజను, ఫర్మ్‌వేర్ వెర్షను పట్టీగా పంపవలెనట. ఆ పని మీద నలభై ఒక్క బల్లల కింద దూరి లేచాక పద్యం అర్థమైంది. ఈ వ్యాఖ్య రాయడానికి నాకున్న అర్హత అదే. మోకాళ్ల నొప్పికి మించిన శాస్త్రాధ్యయనం నాకు లేదు.

మూలం

వెనుక చీటి చదివి వెలిగించి తెరఁ జూచి
ఒడలి పేరు వేరు, ఉసురు వేరు;
అడుగకున్నఁ జెప్ప దది మౌనముని వోలె
అడిగి పట్టి నింపు మనఘ నేఁడె

ప్రతిపదార్థం

అనఘ = పాపమెరుగనివాడా (అంటే ఈ పని ఇదివరకు చేయనివాడా); వెనుక = డబ్బా వీపున ఉన్న; చీటి = స్టిక్కరును; చదివి = కళ్లజోడు పెట్టుకొని చదివి; వెలిగించి = పవరు బటను నొక్కి; తెరన్ + చూచి = మానిటరును చూసి; ఒడలి పేరు = హార్డ్‌వేరు పేరు; వేరు = ఒకటి; ఉసురు = లోపలి ఫర్మ్‌వేరు; వేరు = మరొకటి (అని తెలిసికొనుము అని అధ్యాహారం); అది = ఆ డబ్బా; అడుగకున్నన్ = అడగకపోతే; మౌనముని వోలె = మౌనవ్రతం పట్టిన మునిలా; చెప్పదు = నోరు విప్పదు; అడిగి = దాన్నే అడిగి; పట్టి = పట్టీని; నేఁడె = ఈరోజే; నింపుము = పూర్తిచెయ్యి.

తాత్పర్యం

స్టిక్కరు చూసి రాసుకుపోకు నాయనా, ఆన్ చేసి కూడా చూడు.

విశేషాలు

వెనుక. దేనికి వెనుక? డబ్బాకా, మానిటరుకా? రెంటికీ. థిన్ క్లయింటును చాలాచోట్ల నాలుగు మరలతో మానిటరు వీపుకే బిగిస్తారు. అప్పుడు చీటీ ఉన్న వైపు మానిటరును కౌగిలించుకొని ఉంటుంది. మెడ వంగినంతవరకే ప్రత్యక్ష ప్రమాణం. ఆపైన ఫోను కెమెరాను సందులోకి దూర్చి, తలకిందులుగా వచ్చిన ఫొటోను పెద్దది చేసి చదవాలి.

చీటి. ఇక్కడ మా కుర్రాడి పూర్వపక్షం: "అన్నా, స్టిక్కర్ మీద అన్నీ రాసే ఉన్నయి గదా. మళ్ల ఆన్ చేసుడు ఎందుకు?" వాడి మాట తోసేయదగ్గది కాదు. చీటీ మీద మోడలు, సీరియలు నంబరు, ఈథర్‌నెట్ చిరునామా ఉంటాయి. ఆ చిరునామా పన్నెండు అంకెలది. ముందు ఆరూ తయారీదారువి, వెనక ఆరూ ఆ ఒక్క యంత్రానివి. అంటే తెలుగువాళ్ల పద్ధతే, ఇంటిపేరు ముందు, సొంత పేరు తరువాత. థిన్ క్లయింట్ల తయారీదారు వైస్ కంపెనీకి దక్కిన ఇంటిపేరు 00-80-64. ఈ ఆరంకెలు కనబడితే చీటీలో మిగతాది చిరిగిపోయినా వంశం తెలిసిపోతుంది.

వైస్ వారి పాత మోడళ్ల పేర్లలో ఇంకో సొగసు ఉంది. ఎస్10, ఎస్30, ఎస్50, ఎస్90. అలాగే వీ10, వీ30, వీ50, వీ90. అక్షరం ప్రకృతి, అంకె ప్రత్యయం. అక్షరం డబ్బా తీరును చెబుతుంది, అంకె లోపలున్న దేవుణ్ణి. 10 అంటే ఆ కంపెనీ సొంత థిన్ ఓఎస్, 30 అంటే విండోస్ సీఈ, 50 అంటే లినక్స్, 90 అంటే విండోస్ ఎక్స్‌పీ ఎంబెడెడ్. ఇంత శుభ్రమైన వ్యాకరణం కంప్యూటర్ల లోకంలో అరుదు. అరుదైనవి ఎక్కువ కాలం నిలవవు. 1981లో కాలిఫోర్నియాలో పుట్టిన వైస్‌ను 2012లో డెల్ కొన్నది. తరువాత టీ10 కాస్తా 3010 అయింది, డీ10డీ 5010 అయింది, జెడ్10డీ 7010 అయింది. అదే డబ్బా, అవే పోర్టులు, పేరు మాత్రం అత్తవారింట మార్చినట్టు మారింది. కనుక పట్టీలో డీ10డీ ఒక వరుసలోనూ 5010 ఇంకో వరుసలోనూ కనిపిస్తే అవి రెండు జాతులని భ్రమపడరాదు, పాఠాంతరాలని గ్రహించాలి. కడపలో బ్రౌన్ దొర పండితుల చేత తాళపత్రాల ప్రతులు పోల్పించి శుద్ధపాఠం తేల్పించాడు కదా. మాకు ఆ పండితుల భాగ్యం లేదు, ఎక్సెల్ షీటూ కుర్రాడూ ఉన్నారు.

శ్లేష కూడా ఉంది. డెల్ వారిదే ఆప్టిప్లెక్స్ 7010 అనే నిండు కంప్యూటరు ఒకటుంది. స్టాకు రిజిస్టరులో ఎవరైనా ఉత్త "7010" అని రాసి ఊరుకుంటే, అది చేతిలో పట్టే డబ్బానో బల్లకింద పెట్టే పెట్టెనో చెప్పడానికి ప్రకరణం చూడాలి.

ఒడలి పేరు వేరు, ఉసురు వేరు. ఛాందసులు ఇక్కడ ఆగి, మొదటి పాదం చివర "చూచి" తరువాత యడాగమం ఏది, "వేరు" పక్కన "ఉసురు"కు ఉకార సంధి ఏది అని అడుగుతారు. కవికి వ్యాకరణం రాక కాదు. ఒడలికీ ఉసురుకూ సంధి కుదరదని సూచించడానికే విసంధి పాటించాడు. డబ్బా ఒకడు చేస్తాడు, దానిలో ప్రాణం ఇంకొకడు మారుస్తాడు, ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోరు.

ఉసురు అంటే ప్రాణం. ఫర్మ్‌వేర్ అనే మాటను 1967లో ఆషర్ ఓప్లర్ అనే ఆయన డేటామేషన్ పత్రికలో వాడాడు. అప్పట్లో దాని అర్థం ప్రాసెసరు లోపలి సూక్ష్మ ఆదేశాలు. ఇప్పటి అర్థం, ఫ్లాష్ చిప్పులో కూర్చుని, కరెంటు పోయినా పోని ప్రోగ్రాము. హార్డ్‌వేరంత గట్టిది కాదు, సాఫ్ట్‌వేరంత మెత్తనిదీ కాదు. సరిగ్గా ఉడికిన ఇడ్లీకీ పిండికీ ఉన్న తేడా లాంటిదేదో ఉందిగానీ, ఉపమానాన్ని అంతకన్నా లాగితే విరుగుతుంది.

మెయిలులో "ఫర్మ్‌వేర్ వెర్షను" అని ఏకవచనం వేశారు. డబ్బాలో చూస్తే ఉసుర్లు కనీసం రెండు. బయోస్‌కు ఒక వెర్షను ఉంది, దాని మీద లేచే థిన్ ఓఎస్ ఇమేజీకి వేరే వెర్షను ఉంది. ఏది రాయాలి? రెండూ రాసి పక్కన చిన్న అక్షరాల్లో ఏది ఏదో రాశాను. ఏకవచనాన్ని జాత్యేకవచనంగా తీసుకోవచ్చునని నా సమర్థన.

ఈ ఉసురుకు పరకాయప్రవేశ విద్య తెలుసు. థిన్ ఓఎస్ పాత పద్ధతిలో, డబ్బా లేవగానే ఫైల్ సర్వరులో డబ్ల్యూఎన్ఓఎస్ డాట్ ఐఎన్ఐ అనే చీటీ కోసం వెతుకుతుంది. సర్వరు ఎక్కడుందో డీహెచ్‌సీపీ 161వ ఆప్షను చెబుతుంది. ఆ చీటీలో ఆటోలోడ్ ఒకటి అని ఉంటే, తనలోని ఇమేజీనీ సర్వరు దగ్గరున్నదాన్నీ పోల్చుకొని, వేరైతే అక్కడిదే దించుకొని మళ్లీ లేస్తుంది. పైమెట్టుదైనా సరే, కిందిమెట్టుదైనా సరే. కనుక పొద్దున పది గంటలకు రాసుకున్న వెర్షను, మూడో అంతస్తులో ఇంకో సర్వరు కింద పెట్టి ఆన్ చేస్తే పదీ పదికల్లా అబద్ధం కావచ్చు. మోడలుకో ఇమేజీ ఉంటుంది. 3040కి ఒకటి, 5070కి మరొకటి. ఒకదాని ఉసురు ఇంకోదాని ఒంట్లో నిలవదు. 8.6 నుంచి 9కి ఎక్కాలన్నా, 8.6లోనే కనీసం ఒక మెట్టుదాకా వచ్చి ఉండాలి. నేరుగా గెంతడానికి లేదు. హెడ్డాఫీసు వారికి పట్టీ ఎందుకు కావలసివచ్చిందో నాకు ఇక్కడ తట్టింది.

ఇమేజీ ఎక్కుతుండగా కరెంటు పోతే డబ్బా ఉసురు పోతుంది. ఆ ఉసురు మనకు తగులుతుంది. కవి ప్రాణమనీ జీవమనీ అనక ఈ మాటే ఎందుకు ఎంచుకున్నాడో ఇప్పుడు తెలిసిందా?

తెర. ఇటువంటి తెరను అవతలివైపు నుంచి చూడని తెలుగువాడు ఉండడు, రిజర్వేషను కౌంటరులో. రైల్వే వారి కాన్సర్ట్ అనే టికెట్ల ఏర్పాటు 1994లో మొదట మన సికింద్రాబాదులోనే మొదలైంది. బుద్ధి ఎక్కడో లోపల పెద్ద యంత్రంలో, కౌంటరులో మాత్రం కీబోర్డూ తెరా. థిన్ క్లయింటు ఆ వంశంలోదే.

తెరను మాట్లాడించే మంత్రం కంపెనీకొకటి. సన్ మైక్రోసిస్టమ్స్ వారి సన్ రే, 1999లో వచ్చింది, కీబోర్డు మీద వాల్యూము మీటలు మూడూ ఒక్కసారి నొక్కితే గోత్రం చెప్పేది. శబ్దం పెంచేది, తగ్గించేది, మూయించేది, ఈ మూడింటినీ ఒకేసారి అడిగితే యంత్రం తికమకపడాలి గానీ, అది తన చిరునామా, ఫర్మ్‌వేరు వివరం బయటపెట్టేది. థిన్ ఓఎస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషను అనే మామూలు మెను. ఇందులో రసం తక్కువ, ముందుకు పోదాం.

మౌనముని. మునికి మౌనం సహజం కదా, మౌనముని అనడం పునరుక్తి దోషం కాదా? కాదు. డబ్బాలో ఫ్యాను లేదు, తిరిగే డిస్కు లేదు. ఒక మౌనం సమాచారానిది, రెండోది శబ్దానిది. ఆన్‌లో ఉందో లేదో తెలియడానికి కూడా వేలు పెట్టి వేడి చూడాలి.

అడుగకున్నఁ జెప్పదు. పద్యానికి ప్రాణం ఇక్కడుంది. యంత్రాన్ని "నీవెవరు?" అని అడగడం కొత్త సంగతి కాదు. 1963 నాటి ఆస్కీ పట్టికలో అయిదో సంకేతం పేరే "హూ ఆర్ యూ". ఆ సంకేతం చేరగానే అవతలి టెలిటైపు తనంతట తాను బదులు కొట్టేది. బదులు ఎక్కడుండేదంటే లోపలి చిన్న డ్రమ్ము మీద, విరిచిన పళ్ల రూపంలో. పేరు మార్చాలంటే డ్రమ్మే మార్చాలి. ఒడలి పేరూ ఉసురు పేరూ ఒకటే అయిన కాలం అదొక్కటే కావచ్చు.

డెక్ వారి వీటీ100 టెర్మినల్ 1978లో వచ్చింది. దానికి ఎస్కేపు, ఎడమ బ్రాకెట్టు, చిన్న సీ పంపితే "నేను ఫలానా" అని అంకెల్లో చెప్పేది. 1983 నాటి వీటీ220ని మధ్యలో ఒక బాణం గుర్తు చేర్చి అడిగితే ఫర్మ్‌వేరు వెర్షను కూడా చెప్పేది, పది అంటే 1.0 అని లెక్క. చక్కని ఏర్పాటే. కాని ఆ ప్రశ్నను ఇవాళ ల్యాప్‌టాప్‌లోని టెర్మినల్ విండోను అడిగి చూడండి. నలభై ఏళ్ల కిందటి వీటీ వంశపు జాబే చెబుతుంది, ఆ వంశంతో దానికి రక్తసంబంధం లేకపోయినా. శబ్ద ప్రమాణానికి ఆప్తవాక్యం కావాలి అని తార్కికులు ఊరికే అనలేదు.

లినక్స్ డబ్బాల్లో డీఎంఐడీకోడ్ అనే ఆదేశం ఉంది. బయోస్ తన గురించి రాసిపెట్టుకున్న పట్టికను అది చదివి వినిపిస్తుంది. మా దగ్గర ఒక చవక డబ్బాను సీరియలు నంబరు అడిగితే వచ్చిన జవాబు ఇది: "టు బి ఫిల్డ్ బై ఓఈఎం". తయారు చేసినవాడు పూరించవలెను అని. పూరించలేదు. దీన్ని గ్రంథపాతం అంటారు. తాటాకును పురుగు తింటే చుక్కలు పెట్టి వదిలేస్తాం. ఇక్కడ పురుగు తినలేదు, రాయవలసినవాడే భోజనానికి వెళ్లాడు. మా కుర్రాడు ఆ వాక్యాన్నే సీరియలు నంబరు గడిలో నమ్మకంగా దింపాడు. మూలాన్ని ఉన్నదున్నట్టు రాయడమే లేఖకధర్మం కనుక నేను దిద్దలేదు.

పట్టి. ఈ మాటకు బిడ్డ అని కూడా అర్థం. "అడిగి, ఓ పట్టీ, నింపుము" అని అన్వయించేవారున్నారు. ఏమి నింపాలో చెప్పలేదు గనుక అది నిలవదు. పట్టి అంటే పట్టీయే, అంటే ఎక్సెల్ షీటే. ఇక్కడ కవికి తెలియని ప్రమాదాలున్నాయి. 9.10 అని కొడితే ఎక్సెల్ దాన్ని 9.1 చేస్తుంది. వెర్షన్లలో తొమ్మిది చుక్క పది, తొమ్మిది చుక్క ఒకటికి తొమ్మిది మెట్లు పైది. ఎక్సెల్‌కు రెండూ ఒకటే. చిరునామా ముందరి సున్నాలను మింగేస్తుంది. ఉదాహరణకు 008064123ఈ45 అని కొట్టారనుకోండి, నడుమ ఉన్న ఈని చూసి ఘాతసంఖ్య అనుకొని 8.06ఈ+51 అని చూపిస్తుంది. ఇంటిపేరుతో సహా మనిషిని గుణించి పారేసిందన్నమాట. గడులన్నిటినీ ముందే టెక్స్టుగా మార్చుకోవాలి. ఈ ఒక్క వాక్యాన్ని పద్యం కింద అయిదో పాదంగా రాయాలని ఉంది, మార్కరు దొరకలేదు.

అనఘ. పాదపూరణం.

నేఁడె. నలభై ఒకటి అయ్యాయి. మిగిలింది రిసెప్షనులోది. డబ్బాను నిలబెట్టి, దానికి వినాయకుడి పటం ఆనించి, పటానికి రోజూ ఒక మందారం పెడుతుంది అక్కడి అమ్మాయి. చీటీ పటం వెనకుంది. తెరను చూద్దామంటే ఆమె లాగిన్ అయి ఉంది, ఎదురుగా నలుగురు సందర్శకులు నిలబడి ఉన్నారు.

"అమ్మా, ఒక్క రెండు నిమిషాలు ఆఫ్ చేసి ఆన్ చేసుకుంటాను."

"సార్, మీరు దాన్ని కదిలించకండి. కిందటిసారి కదిలిస్తే మూడు రోజులు రాలేదు. రేపు పొద్దున్నే రండి, పువ్వు మార్చేటప్పుడు పటం తీస్తాను, అప్పుడు చూసుకోండి."

నేఁడె అన్న చోట "ఎల్లి" అని పాఠాంతరం ఉన్నట్టు రాసుకున్నాను. గణం సరిపోయింది.