ఎస్సైగారి నడుము మీద

నేను తోలు ఒరను. స్టేషన్లో హోల్‌స్టర్ అంటారు. పుట్టింది కాన్పూరులో. గుర్రపు జీన్లు, కళ్లేలు కుట్టడానికి తెల్లదొరలు పెట్టిన కార్ఖానాతో తోలుపనికి పేరుపడ్డ ఊరది. నన్ను .38 రివాల్వర్ కొలతకి కోసి, తడిపి, దాని ఒంటికి నొక్కి ఆరబెట్టి, మైనం పట్టించిన దారంతో కుట్టారు. గోదావరి డెల్టాలో ఓ స్టేషనుకి చేరి, ఎస్సైగారి కుడి నడుము మీద కొలువు మొదలుపెట్టాను.

మా వంశంలో బాగా పేరుమోసింది ఓ ఒంటిచేతి దొర పటకా. శామ్ బ్రౌన్ అనే సైన్యాధికారికి 1858లో, సిపాయిల తిరుగుబాటు నాటి పోరులో, ఎడమ చెయ్యి పోయింది. ఒర పట్టుకోవడానికి రెండో చెయ్యి లేకపోయేసరికి భుజం మీదుగా ఓ తోలుపట్టీ వేసి, కత్తినీ పిస్తోలునీ నడుముకి బిగించుకున్నాడు. పోలీసు అధికారులు పరేడుకి వేసుకునే క్రాస్ బెల్టు ఆయన చలవే.

దొంగలకన్నా, రౌడీషీటర్లకన్నా నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది జీపు సీటు. నిలబడ్డప్పుడు ఎంత హుందాగా ఉన్నా, కూర్చునేసరికి నా అడుగు సీటుకి తన్ని, తుపాకీ పిడి ఎస్సైగారి డొక్కలో పొడిచేది. వెనక్కి జరిపితే వెన్నుపూస మీదికి వచ్చేదాన్ని. బైకు మీంచి వెల్లకిలా పడితే నడ్డి విరగడానికి అది చాలు. ముందుకి జరిపితే బొజ్జ అడ్డం. తుంటి ఎముకకి రవ్వంత వెనగ్గా, పిడి కాస్త ముందుకి వాలేలా కుదిరాక ఇద్దరం ఊపిరి పీల్చుకున్నాం. అయితే పటకా గట్టిదై ఉండాలి. గుళ్లతో కలిపి ఇంచుమించు కిలో బరువు మోస్తాను. పటకా మెత్తబడితే నేనూ వేలాడతాను, రోజంతా ప్యాంటు ఎగలాక్కోవడమే ఆయన పనవుతుంది.

ఇక మన గాలి. రోహిణికార్తెలో చెమట, ఆషాఢం వచ్చిందంటే ముసురు. ఓసారి తుపాకీని నాలోనే ఉంచి బీరువాలో పెట్టేశారు. తీసి చూస్తే నా ఒంటినిండా తెల్లటి బూజు, గొట్టం మీద ఎర్రటి తుప్పుచుక్కలు, తూటాల ఇత్తడికి పచ్చటి చిలుము. తోలు తేమని పీల్చి దాచుకుంటుంది. పదును చేసినప్పటి లవణాలు అందులో ఉండనే ఉంటాయి. అందుకే నడుము మీద ఉన్నంతసేపే తుపాకీ నాలో ఉండాలి. దించాక దానికి నూనెగుడ్డ, నాకు నీడపట్టున గాలి. ఎండలో పడేస్తే బిర్రబిగిసి పగులుతాను.

బాగుచెయ్యమని చెప్పులు కుట్టే తాత దగ్గరికి తీసుకెళ్తే, తిప్పి తిప్పి చూశాడు.

"ఇదేంటండి బాబూ, బొత్తాం పట్టీ ఒదులైపోయిందండి. ఒంగితే జారిపోద్దండి."

"గబుక్కున తియ్యడానికి వీలుగా ఉంటుందని నేనే ఒదులు చేశాను తాతా."

"ఎన్నిసార్లు తీశారేంటండి?"

ఎస్సైగారు నవ్వేశారు. తాత ఆరెతో కొత్త కన్నం పొడిచి పట్టీ బిగించేశాడు.

నన్ను మోసినవాళ్లెవరూ ఫైరింగు రేంజిలో తప్ప తుపాకీ తీసిన పాపాన పోలేదు. అది జారకుండా, మరొకరి చెయ్యి దానిమీద పడకుండా కాయడమే నా ఉద్యోగమంతా. మాఘమాసంలో అంతర్వేది తీర్థం బందోబస్తుకి వెళ్తూ నరసాపురం రేవులో పంటు ఎక్కేటప్పుడు చూడాలి ఆ తొక్కిడి! ఎటు తిరిగినా మోచేతులే. అక్కడ ఆదుకున్నవి మూడు: ట్రిగ్గరుని పూర్తిగా కప్పిన తోలు, బిగువైన పట్టీ, పిడికి తగిలించిన లాన్‌యార్డు తాడు. పోలీసుల తుపాకులు పోతే ఏమవుతుందో మన్యం ఎప్పుడో చూపించింది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దండు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద తుపాకుల కోసం వరసగా పడింది. ఏమేం పట్టుకెళ్లిందీ స్టేషను పుస్తకంలో రాసి సంతకం పెట్టి మరీ వెళ్లారాయన.

కొన్నాళ్లకి మా స్టేషనులో రివాల్వరు బదులు పదమూడు గుళ్ల 9 ఎంఎం పిస్టల్ వచ్చింది. బల్లపరుపు మనిషి, నా పొట్టలో లొడలొడలాడేది. గుడ్డపేలిక కుక్కి కొన్నాళ్లు నెట్టుకొచ్చారు గానీ, ఏ తుపాకీకి ఆ ఒరే ఉండాలి. నా చోటులోకి కైడెక్స్ ఒర వచ్చింది. 1965లో విమానాల లోపలి భాగాల కోసం తయారుచేసిన ప్లాస్టిక్ అది. బూజు పట్టదు, చెమట పీల్చదు. తోలులా ఒంటికి అలవాటుపడే గుణం మాత్రం దానికి లేదు. లైసెన్సుమీద పిస్తోలు పెట్టుకునే ఆసాములకీ ఆ జాగ్రత్త తప్పదు; బయటికి తీసుకెళ్తే ఒరలోనో అలాంటి తొడుగులోనో పెట్టి పూర్తిగా కప్పి ఉంచాలని 2016 ఆయుధ నిబంధనలు చెబుతున్నాయి.

నేనిప్పుడు స్టోరులో ఉన్నాను. కొత్తగా చేరిన ఎస్సైగారు అద్దం ముందు నిలబడి ఒరలు మార్చి మార్చి చూసుకుంటున్నారు. అద్దంలో ఏ ఒరైనా బాగానే ఉంటుందండి బాబూ. ఖాళీ తుపాకీ పెట్టి, రోజూ వేసుకునే పటకాకే తగిలించి, జీపులో ఓ గంట కూర్చోండి. వంగి బూటు లేసు కట్టుకోండి. మెట్లమీద పరిగెత్తండి. ఒరని తలకిందులు చేసి ఊపండి. పొడవకుండా, జారకుండా, ట్రిగ్గరు వేలికి తగలకుండా ఉంటే అప్పుడు ధర అడగండి.