డ్రోన్ ఎగిరింది, కథ దిగలేదు

విశాఖలో కార్పొరేట్ ఫిల్మ్ ఏ సంస్థదైనా డాల్ఫిన్ నోస్ పక్క సూర్యోదయంతోనే మొదలవుతుంది. సూర్యుడు పారితోషికం అడగడు.

తర్వాత డ్రోన్. తర్వాత క్రేన్లు. తర్వాత కొత్త హెల్మెట్లు పెట్టుకుని, ఖాళీ కాగితం చూస్తూ తలాడించే ఇద్దరు ఇంజినీర్లు.

వెనక గంభీర స్వరం: 'ప్రపంచస్థాయి'.

ఆపైన ఛైర్మన్ సందేశం. దాన్ని కత్తిరించే ఎడిటర్ ఇంకా పుట్టలేదు.

ప్రేక్షకుణ్ని కుర్చీలో కూర్చోబెట్టేది సంఘర్షణ. విశాఖ ఉక్కు కర్మాగారం కథలో దానికి కరువా? అది కావాలని 1966లో ఉద్యమం, పోయిన 32 ప్రాణాలు. 1971లో శంకుస్థాపన, 1992లో జాతికి అంకితం. నడుమ 21 ఏళ్ల ఇంటర్వెల్. సొంత ఇనుప గనుల కోసం దశాబ్దాల ఎదురుచూపు. 2021లో అమ్మకం నిర్ణయం, రోడ్డెక్కిన కార్మికులు.

ఇంత స్క్రీన్‌ప్లే చేతికిస్తే ఆమోద కమిటీ అనే జీవి 'నెగెటివ్‌గా ఉంది' అని కొట్టేస్తుంది. మిగిలేది సూర్యోదయం.

1958లో నెదర్లాండ్స్ దర్శకుడు బెర్ట్ హాన్‌స్ట్రా ఒక గాజు ఫ్యాక్టరీ పని మీద వెళ్లి 'గ్లాస్' తీశాడు. సుమారు పది నిమిషాలు. వ్యాఖ్యానం లేదు, ఛైర్మన్ లేడు. గాజు ఊదేవాళ్ల బుగ్గలు, జాజ్ సంగీతం, యంత్రం మొరాయిస్తే వరసగా పగిలే సీసాలు. పగిలిన సీసాలను ఏ కమిటీ ఒప్పుకుందో గానీ, ఆస్కార్ వచ్చింది.

మన ఫిల్ముల్లో కరిగిన ఇనుముకు దక్కేది రెండు సెకన్లు. అదీ లోగో వెనక.